ఈ కుక్క మీకు తగదు



అల్వాల్, బొల్లారం, తిరుమలగిరి వీధుల్లో సాయంత్రం నడిచేవారికి గేట్లమీద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న పలకలు కొత్త కాదు. ఒకప్పుడు మనకు తెలిసినవి అల్సేషియన్, పొమరేనియన్ అన్న రెండు పేర్లే. ఇప్పుడు హస్కీ, రాట్‌వైలర్, పగ్, లాబ్రడార్ అన్న పేర్లు మన ఇళ్లలో చిన్నపిల్లల నోట కూడా వినబడుతున్నాయి. పుట్టినరోజుకు, భద్రమైన అభ్యంగనం పండుగకు పిల్లలకు కుక్కపిల్లను కానుకగా కొనిచ్చే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. అందుకే ఈ వారం ఒక ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. ఒకరు ఆశపడినదాన్ని ‘ఇది మీకు తగదు’ అని చెప్పడం ప్రేమా, కాదా?

కుక్కల ప్రదర్శన అనగానే మనకు బరిలో పరుగెత్తే కుక్కలు, కొలతలు చూసే న్యాయనిర్ణేత, చివరకు ఇచ్చే కప్పు గుర్తుకు వస్తాయి. అయితే కొన్ని ప్రదర్శనల్లో ఒక పక్కగా మరో పని జరుగుతుంది. 1891లో మొదలైన ఇంగ్లాండు ‘క్రఫ్ట్స్’ ప్రదర్శనలో ‘డిస్కవర్ డాగ్స్’ అనే విభాగం ఉంది. న్యూయార్కులో 2009 నుండి ‘మీట్ ద బ్రీడ్స్’ పేరుతో ఇటువంటిదే జరుగుతోంది. ఒక్కొక్క జాతికి ఒక చిన్న స్టాలు. అక్కడ ఆ కుక్కల్ని ఏళ్ల తరబడి పెంచినవారు తమ కుక్కతో సహా స్వచ్ఛందంగా నిలబడతారు. వారికి జీతం లేదు, అక్కడ అమ్మకం లేదు. వచ్చినవారు కుక్కను నిమురుతారు, ప్రశ్నలు అడుగుతారు. వెంట్రుకలు రాలతాయా? పసిపిల్లలతో ఎలా ఉంటుంది? రోజుకు ఎంత నడిపించాలి? మన ప్రాంతంలోనైతే మొదటి ప్రశ్న సాధారణంగా ‘ఎంత?’ అన్నదే!

ఆ స్టాలులో నిలబడినవారి ఇబ్బంది ఏమిటో గమనించండి. వారికి ఆ జాతి అంటే ప్రాణం. దాని పేరు పదిమందికి తెలియాలనే సెలవు రోజు వదులుకుని వచ్చారు. ఎదురుగా ఒక కుటుంబం నిలబడి ఉంది. పిల్లవాడు హస్కీ నీలికళ్లు చూసి మురిసిపోతున్నాడు. అది సైబీరియా మంచులో బండి లాగడానికి తయారైన కుక్క అనీ, దాని ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుందనీ, మైళ్లకొద్దీ పరుగెత్తడం దాని స్వభావమనీ వారికి తెలుసు. మే నెలలో మన ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ కుటుంబానిది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఇవన్నీ తెలిసి కేవలం ‘చాలా మంచి కుక్కండీ’ అంటే అది అబద్ధం కాకపోవచ్చు. కాని ఆ మాటకు మూల్యం చెల్లించేది చెప్పినవారు కాదు, విన్నవారు కూడా కాదు. నోరులేని ఆ జీవి చెల్లిస్తుంది. అందుకే ఇక్కడ మౌనాన్ని మర్యాద అనుకోవడానికి వీల్లేదని నా అభిప్రాయం.

పగ్ సంగతి చూడండి. 2003లో హచ్ సెల్‌ఫోన్ ప్రకటనలో ఒక పిల్లవాడి వెంట నడిచిన ఆ కుక్క దేశమంతటికీ ముద్దొచ్చింది. కుక్క మనలాగా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, నాలుక చాచి వగర్చి వేడిని వదులుకుంటుంది. పగ్‌కు ముక్కు చదును, శ్వాసమార్గం ఇరుకు. కనుక ఎండలో అది మరింత ఇబ్బంది పడుతుంది. మనం ముద్దుగా ‘గురక’ అనేది చాలాసార్లు ఊపిరి కోసం పడే అవస్థ.

ఒక ఆక్షేపణ ఉంది. ఇలా భయపెడితే ఎవరూ ముందుకు రారు, జాతే అంతరించిపోతుంది అంటారు. మన దేశపు కుక్కల విషయంలో ఈ మాటలో కొంత బలం ఉంది. కర్ణాటకలోని ముధోళ్ కుక్క, తమిళనాడులోని రాజపాళయం, కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గరి పందికోన కుక్క ఆదరణ లేక తగ్గిపోకూడదు. ముధోళ్, రాజపాళయం కుక్కల మీద 2005లో తపాలా బిళ్లలు వచ్చాయి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో స్వదేశీ జాతులను పెంచమని కోరారు. సంతోషమే. కాని ముధోళ్ అంటే కుందేళ్లను తరిమి పట్టే వేటకుక్క. దాన్ని బాల్కనీలో కట్టేస్తే జాతి నిలిచినట్టా? ఏడాది తిరక్కుండా పదిమంది వీధిలో వదిలేసే కుక్కకంటే, ఇద్దరు తెలిసి చివరిదాకా సాకే కుక్క వల్లే జాతికి మేలు.

ఇంతకంటే కష్టమైన నిజం మరొకటి ఉంది. కొన్ని జాతుల బాధ యజమాని అజ్ఞానం వల్ల వచ్చింది కాదు, ఆ రూపంలోనే ఉంది. 2012లో క్రఫ్ట్స్ వారు 15 జాతుల్లో గెలిచిన కుక్కలకు పశువైద్యుల పరీక్ష పెట్టారు. బుల్‌డాగ్, పెకినీస్‌తో సహా ఆరు జాతుల విజేతలు అందులో నెగ్గలేదు. బరిలో అందమని మెచ్చుకున్నదే వైద్యుడి కంటికి రోగమైంది. అప్పుడు ఆ స్టాలులో నిలబడిన స్వచ్ఛంద సేవకుడు ఎవరి పక్షాన మాట్లాడాలి? జాతి పక్షానా, తన కాళ్లదగ్గర కూర్చున్న కుక్క పక్షానా? కుక్క పక్షానే అంటాను నేను. జాతి మనం గీసుకున్న బొమ్మ. నొప్పి తెలిసేది ఆ ఒక్క ప్రాణికే.

అన్నట్టు, ‘మంచి జాతి’ అన్న మాట మన నేలమీద మనుషులను ఎంత గాయపరచిందో మన విచారణల్లో చాలామందికి వేరుగా చెప్పనక్కరలేదు. కుక్కల విషయంలో ఆ మాట వాడేటప్పుడు కూడా నాకు నాలుక తడబడుతుంది. తోబీతు గ్రంథంలో తోబియా ప్రయాణంలో వెంట నడిచిన కుక్క ఏ జాతిదో రాయలేదు. వీధికుక్కకు చాలా ప్రదర్శనల్లో బరి లేదు, అయినా టీకాలు వేయించి పెంచుకుంటే మన వాతావరణానికి అలవాటుపడినది అదే.

1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం ఈ విషయంలో రెండువైపులా మాట్లాడుతుంది. జంతువులను అనవసరంగా బాధపెట్టడం మనిషి గౌరవానికి తగదంటుంది. మనుషుల కష్టాలు తీర్చడానికి ముందుగా వెళ్లవలసిన సొమ్ము వాటిమీద వెచ్చించడం కూడా తగదంటుంది. వేలకు వేలు పోసి కొని, మూడోనెలలో టీకా ఖర్చుకు వెనుకాడే ఇంట్లో ఈ రెండు తప్పులూ ఒక్కసారే జరుగుతాయి.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. ఈసారి మీరు పిల్లలను తీసుకుని ప్రదర్శనకు వెళ్తే ఈ రెండూ అడగండి. ఆ తరువాత ‘ఈ కుక్కను మీరు ఎలాంటి ఇంటికి ఇవ్వరు?’ అని కూడా అడగండి. దానికి జవాబు లేనివారి దగ్గర డబ్బు తీయకండి.