యంత్రం కోసం ఆగకు తల్లీ

తల్లీ, చిన్నాడు మూడో తరగతికి వచ్చినా గుణింతాల దగ్గర తడబడుతున్నాడని, ఒత్తక్షరం ఎదురైతే ఆగిపోతున్నాడని దిగులుపడుతున్నావు. తలకు తీగలు పెట్టి ఈఈజీలో మెదడు తరంగాలు చూస్తే డిస్లెక్సియా అనే చదువు ఇబ్బంది తేలిపోతుందని ఎవరో చెప్పారన్నావు. డబ్బు కట్టే ముందు ఈ పెద్దమ్మ మాట విను.

ఆ మాట వెనకున్న పరిశోధనలు ఉత్తివి కావు. అమెరికాలో డెన్నిస్ మోల్ఫీస్ 48 మంది శిశువులకు పుట్టిన 36 గంటల్లోపే మాటల శబ్దాలు వినిపించి, మెదడు తరంగాలు నమోదు చేశాడు. వాళ్లకు ఎనిమిదేళ్లు వచ్చాక చదువు పరీక్షించాడు. డిస్లెక్సియా ఉన్నవారి తరంగాలు పుట్టినప్పుడే వేరుగా ఉన్నాయని 2000లో ప్రకటించాడు. ఫిన్లాండ్‌లో డిస్లెక్సియా ఉన్న కుటుంబాల శిశువుల్లోనూ ఇలాంటి తేడాలు కనిపించాయి.

అంటే పలక పట్టకముందే, శబ్దాలను పట్టుకునే తీరులోనే ఈ చిక్కు మొదలుకావచ్చు. అందుకని వాణ్ణి బద్ధకస్తుడనీ మొద్దనీ ఎవరినీ అననివ్వకు. నీ పెంపకాన్నీ తప్పుపట్టుకోకు.

అయితే ఆ తేడాలు పిల్లల గుంపులను పోల్చినప్పుడు కనిపించినవి. ఒక్క పిల్లవాడి ఈఈజీ చూసి ఉందనీ లేదనీ తేల్చలేరు. మూర్ఛ వంటి అనుమానంతో డాక్టరు రాస్తే ఈఈజీ తప్పక తీయించు. డిస్లెక్సియా కోసమైతే ముందు చూపు, వినికిడి చూపించు. తర్వాత క్లినికల్ సైకాలజిస్టు దగ్గర కూర్చోబెట్టు. చదివించి, రాయించి, మాటను శబ్దాలుగా విడదీయించి వాళ్లే తేలుస్తారు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చదివించి చూడమని అడుగు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించింది. సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు.

ఈలోపు ఊరికే కూర్చోకు. రోజూ ఓ పావుగంట వాడితో మాటలాట ఆడు. 'వాన'లో 'వా' తీసి 'కూ' పెడితే ఏమవుతుందని అడుగు. అక్షరాన్ని చూపిస్తూ దాని శబ్దం పలికించు. ఒక గుణింతం కుదిరాకే ఇంకోటి ఎత్తుకో. రాత్రిపూట నువ్వే కథ చదివి వినిపించు. పదిమందిలో పైకి చదవమని బలవంతపెట్టవద్దని టీచరుగారికి నచ్చజెప్పు. పక్కింటి పిల్లలతో పోల్చవద్దని అల్లుడికీ చెప్పు.

ఎంత తొందరగా చెయ్యందిస్తే వాడికి అంత మేలు. ఈ వారమే తీసుకెళ్లు తల్లీ.