అధికారవిరమణము

బౌద్ధుల పాలివాఙ్మయమున సుమేధుడను బ్రాహ్మణయువకుని కథ కలదు. ఆతని నివాసము అమరావతీనగరము. తలిదండ్రులు గతించిన పిదప కోశాధికారి వచ్చి, ఏడు తరములనుండి కూడబెట్టిన ధనరాసులను చూపి, ఇదంతయు నీదేయని లెక్క చెప్పెను. సుమేధుడు ఆ రాసులను చూచి వేరొక లెక్క వేసికొనెను. ఇంత కూడబెట్టిన తాతముత్తాతలలో ఒక్కడైనను పోవునపుడు ఒక్క కాసునైనను వెంట గొనిపోలేదు గదా యని తలపోసి, సర్వస్వమును దానము చేసి హిమవత్పర్వతమునకు వెడలిపోయెను. ఆ సుమేధుడే అనేకజన్మల తరువాత గౌతమబుద్ధుడయ్యెనని బౌద్ధుల విశ్వాసము.

ధనమును విడుచుట కష్టమే. కాని విడిచినవానికి తరువాత వచ్చు కష్టమొకటి కలదు. ఇల్లు విడిచి, పేరు మార్చుకొని అడవికి పోయినవాని చుట్టును కొన్నాళ్లకు శిష్యులు చేరుదురు. శిష్యులకు పర్ణశాల కావలెను. పర్ణశాలకు ప్రహరి కావలెను. దాతలు వత్తురు, లెక్కలు వచ్చును, తగవులును వచ్చును. ముప్పది సంవత్సరములు గడచునప్పటికి, విడిచివచ్చిన ఇంటికంటె పెద్ద ఇల్లు ఆ సన్న్యాసి తలపై నిలిచియుండును. దానిని కడపటి శ్వాసవరకు మోయుట ధర్మమా? వేరొకరి చేతిలో పెట్టి తొలగుట ధర్మమా? మోసినచో ఆసక్తియందురు, తొలగినచో పలాయనమందురు. లోకము యొక్క నింద రెండు త్రోవలకును సమానమే గనుక, నిర్ణయమునకు అది పనికిరాదు.

ఈ ప్రశ్న మన కాలముననే వేరొక సుమేధునకు, వేరొక అమరావతిలో ఎదురయ్యెను. 1934లో అమెరికాలోని సియాటిల్ నగరమున జన్మించిన ఒక యువకుడు 1966లో థాయ్‌లాండులో శ్రామణేరదీక్షను, మరుసటి యేట భిక్షుదీక్షను గైకొని సుమేధో అను నామము ధరించెను. ఉబోన్ ప్రాంతమునందలి వాట్ నాంగ్ పా పాంగ్ అను అరణ్యవిహారమున అచాన్ చా అను గురువుకడ ఆయన శిక్షణ పొందెను. అచాన్ అనునది మన ఆచార్యశబ్దమే. ప్రయాణములో కొంత అరిగినది. 1975లో విదేశీయశిష్యులకొరకు సమీపముననే వాట్ పా నానాచాట్ విహారము వెలసినపుడు ఈయనయే దానికి మొదటి అధిపతి. 1977లో గురుశిష్యులు లండనునకు వెళ్లిరి. గురువు మరలివచ్చెను, శిష్యుడచటనే నిలిచెను. 1979లో ససెక్స్ సీమయందు చిత్తవివేక విహారమును, 1984లో హార్ట్‌ఫర్డ్‌షైరునందు పూర్వమొక పాఠశాలగా నుండిన భవనములలో అమరావతీ విహారమును నెలకొనినవి.

ఆ పేరు తెలుగువారి చెవికి వింతగా సోకును. కథలోని అమరావతి వేరు, మన కృష్ణాతీరమునందలి అమరావతి వేరు. అయినను రెంటికిని మృత్యువు లేని చోటనియే అర్థము. మన మహాస్తూపమునుండి పెకలించిన శిల్పములు అనేకము 1880లోనే బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. ఆ పేరు ఇంగ్లండునకు మొదట రాళ్లతో పోయెను. నూరేండ్ల పిదప భిక్షువులతో పోయెను.

ఇరువదియారు సంవత్సరములు ఆ విహారమును నడపి, 2010 నవంబరులో, డెబ్బదియారవ యేట, సుమేధో భిక్షువు అధిపత్యమును అమరో అను ఆంగ్లభిక్షువునకు అప్పగించి థాయ్‌లాండునకు వెడలిపోయెను. అమరో 1979లో అచాన్ చా వలననే భిక్షుదీక్ష పొందినవాడు. కాలిఫోర్నియాలో 1996లో వెలసిన అభయగిరి విహారమును పసన్నో అను భిక్షువుతో కలిసి సహాధిపతిగా నడపినవాడు. ఆ పసన్నోయు 2018లో తన అధిపత్యమును విడిచెను.

వీరి గురువునకట్టి అవకాశము కలుగలేదు. 1981 ప్రాంతమున అచాన్ చా తీవ్రముగా వ్యాధిగ్రస్తుడై, క్రమముగా మాటయు కదలికయు కోల్పోయి, 1992 జనవరి 16న దేహము చాలించువరకు మంచముననే యుండెను. విహారభారము అచాన్ లియెం అను శిష్యునిపై పడెను. దశదిశలనుండి జనము ఎవని మాట వినుటకు వచ్చెడివారో ఆతడు పదేండ్లు మౌనముగా పడియుండగా, వేకువను గంట మ్రోగుచునే యుండెను, భిక్షాటనము సాగుచునే యుండెను. తాను లేనిచో ఏమగునోయని దిగులుపడు ప్రతి అధిపతియు ఆ పదేండ్లను తలచుకొనదగును. వ్యాధి బలవంతముగా చూపిన సత్యమును, ఆరోగ్యము మిగిలియుండగానే అంగీకరించుట విరమణము.

అట్లయిన బుద్ధభగవానుడేల విరమింపలేదని ఒక ఆక్షేపణ రావచ్చును. వినయపిటకమున దీనికి ప్రత్యక్షప్రసంగమే కలదు. దేవదత్తుడు నిండుసభలో లేచి, భగవానులు వృద్ధులైరి, ఇక విశ్రమించి సంఘమును తనకప్పగింపవలెనని కోరెను. పైకి ఎంత వినయమైన కోరిక! భగవానుడు ముమ్మారు నిరాకరించెను. శారిపుత్ర మౌద్గల్యాయనులకే అప్పగింపనివాడను నీకెట్లు అప్పగింతునని నిష్ఠురముగా పలికెను. వృద్ధాప్యమున పదవి విడువని వారు తమకు ఈ ఘట్టము రక్షయని భావింపవచ్చును. కాని వారు కథను సగము చదివినవారు. కడపటి రోజులలో ఆనందుడు సంఘమునుగూర్చి ఏదేని ఏర్పాటు వినగోరినపుడు, సంఘము తనపై ఆధారపడియున్నదను భావమే తథాగతునకు లేదనియు, దాచియుంచిన రహస్యమేదియు లేదనియు భగవానుడు తెలిపెను. ఉత్తరాధికారిని నియమింపలేదు, ధర్మమును వినయమును శాస్తగా నిలిపి పోయెను. దేవదత్తుడడిగినది తనదికాని సొత్తు గనుకనే ఆయన ఈయలేదు. అడిగినవాడు సంఘమును ఒక ఆస్తిగా చూచెను, అడుగబడినవాడట్లు చూడలేదు.

విహారాధిపత్యము అంతటిది కాదు. అది ఒక పరిచర్య. విహారభూమియు కట్టడములును నాలుగు దిక్కులనుండి వచ్చు భిక్షుసంఘమునకు చెందినవనియు, వానిని పంచుకొనుటకు గాని, ఒకరికి దానమిచ్చుటకు గాని ఎవరికిని హక్కు లేదనియు వినయము విధించుచున్నది. కట్టించినవాడును అందులో అతిథియే.

అంతమాత్రమున పరిచర్య హీనమనుకొనరాదు. మల్లవంశీయుడైన దబ్బుడను భిక్షువు అతిపిన్నవయస్సుననే అర్హత్త్వము పొందెను. తనకిక సాధింపవలసినది లేదని గ్రహించి, సంఘమునకేమి సేవ చేయగలనని ఆలోచించి, వచ్చినవారికి పడకచోట్లు చూపు పనిని, భోజనములు ఏర్పరచు పనిని ఆయన కోరి స్వీకరించెను. రాత్రివేళ దూరమునుండి వచ్చిన భిక్షువులను గదికి చేర్చెడివాడు. తమకు మంచి వంతు రాలేదని కినిసినవారు ఆయనపై ఘోరమైన అపవాదును మోపిరి కూడ. ముక్తుడైనవాడే గదులు పంచుటకు సిద్ధపడినపుడు, పని బంధమని చెప్పి పారిపోవువాని వాదము నిలువదు. బంధము పనిలో లేదు. ఈ పని నాచేతనే కావలెననుటలో కలదు.

నందిగ్రామమున పదునాలుగేండ్లు పాదుకలముందు కూర్చున్న భరతుడు మనకు తెలిసినవాడే. రాజ్యమంతయు నడపెను, ఒక్క దినమైనను తనదనుకొనలేదు; అన్న తిరిగివచ్చిననాడు అప్పగించుటకు ఆయనకు క్షణము పట్టలేదు. భీష్ముని సంగతి వేరు. ఆయన సింహాసనమును త్యజించెను, కాని దాని ప్రక్కనుండి లేవలేకపోయెను. దానిపై ఎవడు కూర్చుండిన వానికి కట్టుబడి, కన్నులముందు అధర్మము జరుగుచుండగా కురుసభలో కూర్చుండెను. పదవి విడుచుట ఒక త్యాగము, పదవి నీడను విడుచుట వేరొక త్యాగము. రెండవది మొదటిదానికంటె అరుదు. విశ్రాంతి తీసికొంటినని చెప్పి, వాకిట పడకకుర్చీ వేసికొని, కొత్తవాని ప్రతి నిర్ణయమునకు దగ్గుచుండు పెద్దలు గృహములందును మఠములందును కొరతలేదు. సుమేధో భిక్షువు వెనువెంటనే వేరొక దేశమునకు పోవుటలో ఈ వివేకము కనబడుచున్నది. శిష్యులు అలవాటుచొప్పున పాత తలుపునే తట్టుదురు. తట్టుటకు తలుపే దగ్గర లేనిచో కొత్త తలుపునకు పోకతప్పదు.

ఐనను ఈ విరమణమున ఒక ముల్లు కలదు. దానిని దాచి పొగడుట సత్యము కాదు. 1983లో సుమేధో భిక్షువు స్త్రీలకొరకు శీలధరలను ఒక దీక్షాశ్రేణిని ఏర్పరచియుండెను. వారి స్థానమును గూర్చియు, స్త్రీలకు పూర్ణమైన భిక్షుణీదీక్షను గూర్చియు 2009లో ఆ అరణ్యసంప్రదాయమున తీవ్రమైన కలత రేగెను. భిక్షుసంఘమునకు లోబడియుండవలెనను నియమములను శీలధరలముందుంచిన పెద్దలలో ఆయన ముఖ్యుడు. కొందరు సాధ్వులు మనసు విరిగి వెడలిపోయిరి. మరుసటి యేట ఆయన తొలగెను. తీరని తగవును వారసుని ఒడిలో పెట్టి పోవుట న్యాయమా?

ఏ విహారమునందును సమస్తమును చక్కబడిన దినము రాదు. అట్టి దినముకొరకు వేచినవాడు పీఠముననే మరణించును. ఇది నిజమే. కాని ఈ నిజము పిరికివానికిని చక్కని ముసుగు కాగలదు. తొలగిపోవువాడు గదుల తాళములను మాత్రమే అప్పగించినచో, అప్పగింత సగమే. తాను చేసిన నిర్ణయములు ఎవరిని నొప్పించెనో వారి మొరను వినుబాధ్యత పదవితోపాటు దిగదు. వారసుడు ఆ నిర్ణయములను మార్చదలచినచో, మార్చుటకు స్వేచ్ఛ నిచ్చుటయు, మార్చినపుడు నొచ్చుకొనకుండుటయు విరమించినవాని వంతు. పరులు చూచుటకు వీలులేని పరీక్ష ఇది. తాను నాటిన చెట్టు కొమ్మను వేరొకడు నరకుచుండగా చూచు కన్ను ఎట్లుండునో ఆ కన్నుగలవానికే తెలియును.

వినయమున భిక్షువుల పెద్దరికము పదవినిబట్టి గాక, దీక్ష పొందిన తరువాత గడచిన వర్షావాసములనుబట్టి లెక్కింపబడును. అధిపత్యము విడిచినవాని వర్షములు తరుగవు. అధిపతియైనంతమాత్రమున ఎవనికిని పెరుగవు. థాయ్‌లాండులో పలుసంవత్సరములు గడపిన పిదప సుమేధో భిక్షువు వృద్ధుడై తిరిగి అమరావతికి వచ్చి నివసించెను. పంక్తిలో ఆయన స్థానము నేటి అధిపతికి ముందు. ఆ పూట ఏ పని జరుగవలెనో, ఏ గది ఎవరికీయవలెనో నిర్ణయించుట మాత్రము వెనుకనున్నవారి పని.