కల కన్న బిడ్డది తప్పు కాదు

తండాలు వదిలి ఇంద్రేశం, పాశమైలారం చుట్టుపక్కల అద్దె గదుల్లో బతికే కుటుంబాలు మనలో ఉన్నాయి. తండ్రి నైట్ షిఫ్టుకు పోయిన రాత్రి బిడ్డకు కలలో మంటలు కనబడతాయి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక రసాయన కర్మాగారం పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అలాంటి కల వచ్చాక అలాంటి రోజు వస్తే, 'నేను ముందే చెప్పి ఉంటే బతికేవాళ్లేమో' అని బిడ్డ లోలోపల కుమిలిపోతుంది. ఆ బిడ్డకు మనం ఏం చెప్పాలి?

'ఉత్త కలే, పడుకో' అని కసరడం తేలిక. 'ఈ పిల్ల అన్నది జరుగుతుంది' అని వాడంతా చాటడం ప్రమాదం. బాణామతి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన రోజులు మన మెదక్ ప్రాంతం చూసింది. ఈరోజు మహిమ అన్న నోళ్లే రేపు అపశకునం అంటాయి.

బ్రిటన్‌లోని వేల్స్‌లో అబెర్‌ఫాన్ అనే ఒకప్పటి గని ఊరుంది. 1966 అక్టోబర్ 21న అక్కడ బొగ్గు వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. చనిపోయిన 144 మందిలో 116 మంది పిల్లలు. ముందే కల వచ్చిందన్న వారి ఉత్తరాలను జాన్ బార్కర్ అనే మానసిక వైద్యుడు సేకరించాడు. మరుసటి ఏడాది ఇలాంటి కలలను ముందుగానే నమోదు చేసే ఏర్పాటు లండన్‌లో జరిగింది. వందలు వచ్చాయి, ఎక్కువ భాగం నిజం కాలేదు. కానీ ఆ గుట్టతో బడికి ముప్పుందని ఊరివాళ్లు ఎప్పుడో మొరపెట్టుకున్నారు. దానికి కల అవసరం రాలేదు. 1967లో విచారణ సంఘం తప్పు బొగ్గు బోర్డుదేనని తేల్చింది.

మన బిడ్డ కల కూడా పగటి నుంచే పుడుతుంది. నాన్న చొక్కాకు అంటిన వాసన, మిషన్ బాగాలేదని అమ్మతో అన్న మాట, రోడ్డు మీద అంబులెన్స్ కూత అందులో చేరతాయి. జరగని కలలు వంద మరిచిపోతాం, జరిగిన ఒక్కటి మనసులో నాటుకుంటుంది. కలలు నిజం కావడం చాలావరకు కాకతాళీయమని అరిస్టాటిల్ ఏనాడో రాశాడు.

అందుకని బిడ్డ మాటను కొట్టిపారేయకూడదు. అది జోస్యం కాకపోయినా, భయం మాత్రం నిజం. ఉపాధ్యాయులు, చదువుకున్న అన్నలు, అక్కలు ఆ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, 'పగలు ఏం విన్నావమ్మా?' అని అడగాలి. మిషన్ సంగతి బయటపడితే దాన్ని యూనియన్ దాకా, తనిఖీ అధికారి దాకా తీసుకుపోవాల్సింది పెద్దలం. 'నీ కల వల్ల ఏదీ జరగలేదు, ఆపే బాధ్యత కూడా నీది కాదు' అని బిడ్డకు తన భాషలో, ఒకటికి రెండుసార్లు చెప్పాలి.