సుంగై పెటానికి రచ్చబండ కబురు

మలేషియాలోని సుంగై పెటాని నడిబొడ్డున 1936లో కట్టిన గడియార స్తంభం ఉంది. ఎవరు తలెత్తి చూసినా అందరికీ ఒకే వేళ చెబుతుంది. చూసేవారికి ఏది ఇష్టమో దానికి అక్కర్లేదు. వెబ్ ఫీడ్ స్వభావమూ అదే.

ఒక సైటులో కొత్త వ్యాసమో వ్యాఖ్యో చేరినప్పుడల్లా అది తనంతట తాను రాసిపెట్టే చిన్న జాబితాయే ఫీడ్. శీర్షిక, రాసినవారి పేరు, వేళ, లంకె అందులో ఉంటాయి. ఫీడ్ రీడర్ అప్పుడప్పుడూ వెళ్ళి ఆ జాబితా చూసి, కొత్తవాటిని తెచ్చిపెడుతుంది. ఇలాంటి జాబితా రాసే పద్ధతుల్లో ఆర్ఎస్ఎస్ 1999లో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టింది. ఆటమ్ 2005లో ప్రమాణంగా ఖరారైంది.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. సభ్యులు కలిసి చర్చించుకునే పేజీకి అక్కడ రచ్చబండ అని పేరు. ఆ పేజీ చరిత్రకు ఆటమ్ ఫీడ్ ఉంది. దాన్ని రీడర్‌లో చేర్చుకుంటే, హైదరాబాదులో రాత్రి తొమ్మిదింటికి, అంటే మలేషియాలో పదకొండున్నరకు, ఎవరో రాసిన మాట సుంగై పెటానిలో పొద్దుటి కాఫీ వేళకు సిద్ధంగా ఉంటుంది. ఒక్కో మార్పూ రెండు గడుల్లో కనబడుతుంది: ఎడమ పక్కన పాత వాక్యం, కుడి పక్కన కొత్తది. నిన్న కటువుగా అన్న మాటను ఇవాళ మెత్తబరిస్తే ఆ దిద్దుబాటు కూడా కళ్ళ ముందుంటుంది.

ఉత్తరాంధ్ర నుంచి రబ్బరు తోటల పనికి వచ్చినవారి మునిమనవలకు ఇది చిన్న సంగతి కాదు. ఊరికి దగ్గర్లోని బుజాంగ్ లోయ ఒకప్పటి ఓడల రేవు. గాలి మళ్ళేదాకా అక్కడి నావికులకు ఇంటి కబురు లేదు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. అలాంటి కలయిక ఏ కొన్నేళ్ళకో ఒకసారి. రచ్చబండ మాత్రం రోజూ తెరిచే ఉంటుంది.

ఇంత కబురు వచ్చిపడుతున్నప్పుడు దాన్ని ఏరేది ఎవరు?

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన ఒక పాఠం దీని గురించే. మేలు చేసే శ్రేయస్సూ, ఇష్టంగా తోచే ప్రేయస్సూ రెండూ కలిసే మనిషి దగ్గరికి వస్తాయి. ధీరుడు వాటిని విడదీసి చూసి శ్రేయస్సును పట్టుకుంటాడు. ఇక్కడ గమనించవలసింది ఆ విడదీయడం. అది మనిషి చేయవలసిన పని. సోషల్ మీడియా ఆ పనిని తన చేతిలోకి తీసుకుంది. చూపు కాసేపు ఎక్కడ ఆగిందో లెక్కగట్టి, అలాంటివే మరిన్ని ముందుకు తోస్తుంది. వివేకం మేలుకోకముందే ప్రేయస్సు వడ్డించేసి ఉంటుంది. ఫీడ్‌లో అలా జరగదు. చప్పని చర్చా వస్తుంది, నచ్చనివారి జవాబూ వస్తుంది, దేని వేళకు అది.

2013 జులై 1న గూగుల్ రీడర్ మూతపడింది. దాన్ని నమ్ముకున్నవారు తమ ఫీడ్‌ల జాబితాను ఒక ఫైలుగా దించుకుని వేరే రీడర్‌లోకి తరలిపోయారు. ఏ సంఘాలను వినాలో రాసుకున్న చిట్టా చేతిలోనే మిగిలింది. అదే ఉపనిషత్తు శరీరాన్ని రథంగా, మనసును పగ్గాలుగా, బుద్ధిని సారథిగా చెప్పింది. రథం మారినా పగ్గాలు చేజారలేదన్నమాట.

అయితే ఫీడ్‌కూ దాని ప్రమాదం దానికుంది. తనవాళ్ళవే ఏరి పెట్టుకుంటే అది కంచె అవుతుంది. చదవనివి రెండు వందలని అంకె కనబడితే, వాటిని ఖాళీ చేయాలన్న ఆత్రం చదువును మింగేస్తుంది. శ్రవణం తర్వాత మననం ఉండాలన్నారు పెద్దలు; రీడర్ మొదటిదాన్నే తెచ్చివ్వగలదు. అందుకే నాలుగైదు చాలు. వాటిలో ఒకటి తనతో ఏకీభవించనివారిది అయితే మరీ మంచిది.

పైగా వింటూ ఊరుకుంటే సంఘం నిలవదు. జవాబు చెప్పాలంటే రీడర్‌ను వదిలి లంకె నొక్కాలి, రచ్చబండకు వెళ్ళాలి, చర్చ చివర తన మాట చేర్చాలి. సంతకానికి అక్కడ నాలుగు టిల్డెలు పెడతారు. పేజీ భద్రపరచగానే అవి పేరుగా, వేళగా మారతాయి. సుంగై పెటానిలో రాసిన ఆ మాట మళ్ళీ ఫీడ్‌లో చేరి, హైదరాబాదులోనో విశాఖలోనో ఇంకొకరి రీడర్‌లో, తన వంతులో, కుడి పక్క గడిలో కనబడుతుంది.