రాని తుఫాను ఖర్చు ఎవరిది?



డిసెంబరు నెల రాగానే మన సంఘములలో ఒక ప్రశ్న తప్పక వినబడుతుంది: "పండుగకు వాన పడుతుందా?" ఉత్తర దేశములో చలికాలమంటే పొగమంచు. బంగాళాఖాతము ఒడ్డున నివసించే మనకు అది తుఫానుల కాలము కూడా. కర్ణాటక, మహారాష్ట్రలలోని మనవారు సైతము సెలవులకు స్వగ్రామములకు రైలెక్కుతారు గనుక ఈ ప్రశ్న వారిది కూడా.

వాతావరణ శాఖవారు చెప్పినది జరుగకపోతే మనము నవ్వుతాము. ఆ నవ్వు న్యాయమేనా?

2021 డిసెంబరు మొదటి వారములో జవాద్ తుఫాను ఉత్తరాంధ్ర, ఒడిషా తీరముల వైపు వస్తున్నదని హెచ్చరించారు. రైళ్ళు రద్దు చేశారు. తీర గ్రామముల నుండి వేలాదిమందిని తరలించారు. తీరా అది సముద్రములోనే బలహీనపడి, పూరీ దగ్గరకు వచ్చేసరికి వాయుగుండముగా మిగిలింది. 2023 డిసెంబరులో ఇందుకు విరుద్ధముగా జరిగింది. తమిళనాడు దక్షిణ జిల్లాలకు భారీ వర్షమని చెప్పారు. గాని తూత్తుకుడి జిల్లా కాయల్పట్టణములో ఒక్క రోజులో సుమారు 95 సెంటీమీటర్లు కురుస్తుందని అంచనా కట్టలేకపోయారు. శ్రీవైకుంఠము స్టేషనులో దాదాపు 800 మంది ప్రయాణికులతో ఒక రైలు నీళ్ళ మధ్య నిలిచిపోయింది. రెడ్ అలర్ట్ అంటే 20 సెంటీమీటర్లు మించిన వాన. అది 21 అయినా, 95 అయినా హెచ్చరిక రంగు ఒక్కటే.

ఇలా ఎందుకు జరుగుతుంది? 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటరుకు 0.506127 అనే సంఖ్యను కుదించి 0.506 అని ఇచ్చాడు. కొంతదూరము పాత లెక్క, కొత్త లెక్క ఒకటిగానే నడిచాయి. తరువాత రెండింటికీ పొంతనే లేదు. గాలిని, తేమను, సముద్రపు వేడిమిని ఎంత జాగ్రత్తగా కొలిచినా కొద్దిపాటి తేడా మిగులుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. అందుచేత రెండు రోజుల ముందు చెప్పినదానికి ఇచ్చే విలువ రెండు వారముల ముందు చెప్పినదానికి ఇవ్వరాదు.

తప్పని తెలిసి చెప్పినది అబద్ధము. తెలిసినంత మేరకు నిజాయితీగా చెప్పినది జరుగకపోతే అది అబద్ధము కాదు. ఖచ్చితముగా చెప్పమని మనము పట్టుబడితే, చెప్పేవాడు తన సందేహమును దాచుకొంటాడు, లేదా నోరు మూసుకొంటాడు. రెండూ మనకే నష్టము.

పైగా రెండు పొరపాట్లూ సమానము కావు. 1964 డిసెంబరు 22 రాత్రి ధనుష్కోటి వెళ్ళే పాసింజరు రైలును ఉప్పెన ముంచివేసి, నూరుమందికి పైగా మరణించారు. రాని తుఫానుకు రైలు ఆపితే ప్రయాణికులు విసుక్కొంటారు. వచ్చే తుఫానుకు ఆపకపోతే విసుక్కొనడానికి మనుషులే మిగలరు.

"అందుకే జాగ్రత్త మంచిది" అని ఇక్కడ ముగించవచ్చును. కాని ఆ మాట నెల జీతము, పింఛను వచ్చే నావంటివారికి సులభము. తుఫాను రాకపోయినా పడవ నాలుగు రోజులు ఒడ్డుననే ఉంటే జాలరి ఇంట పొయ్యి వెలగదు. కూడిక వాయిదా పడితే షామియానా వేసే కూలివానికి ఆ రోజు కూలి పోతుంది. జాగ్రత్త అందరిదీ, నష్టము మాత్రము బీదవానిది అయితే, మరుసటి హెచ్చరికను అతడు లెక్కచేయడు. సముద్రము మీదికి వెళ్ళిపోతాడు. అప్పుడు "మాట వినలేదు" అని అతనిని నిందించే హక్కు మనకు ఉన్నదా?

కాబట్టి పండుగ ఖర్చు వ్రాసుకొనేటప్పుడు దీపములకు, కేకులకు పక్కన ఇంకొక పద్దు కూడా వ్రాయండి. వాన భయముతో కార్యక్రమము ఆపితే కూలివాని కూలి ఇచ్చివేయండి. వేటకు వెళ్ళని ఇంటికి బియ్యము పంపండి. తుఫాను రాకపోతే డబ్బు వృథా అయినదని లెక్కపెట్టవద్దు. రేపు ఏమి జరుగునో ఎవరికీ పూర్తిగా తెలియదు. ఆ తెలియనితనపు భారమును ఒక్కరి మీదనే వేయకుండుట మాత్రము మన చేతిలో ఉన్నది.