దూరం వెళ్ళినవారు ఊరికి ఏం బాకీ?

మే నెల. నూజివీడు చుట్టుపక్కల కోతలు ముమ్మరంగా సాగే కాలం. బంగినపల్లి, చిన్న రసాలు, తోతాపురి లారీలకెక్కి ఉత్తరాదికి వెళుతుంటాయి. ఆ రోజుల్లోనే బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పాత విద్యార్థి ఒకడు సెలవు మీద గూడేనికి వచ్చాడు. వాళ్ళ తాత ఏళ్ళ తరబడి తోటలకు కాపలా కాసిన మనిషి. మేం కూడా అక్కడే కూర్చుని ఉండగా ఆయన మనవణ్ణి అడిగాడు.

"అక్కడ మీరెవరని అడిగితే ఏం చెబుతావురా?"

"నూజివీడు మామిడి తోటల వాళ్ళమని చెబుతాను తాతా."

"తోటలు మనవా?"

అందరం నవ్వాం. ఆ తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేకపోయాం.

పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. అయితే నిజం మొత్తం కూడా చెప్పలేదు. ఊరు చెప్పాడు, గూడెం దాచాడు. ఇది వాడొక్కడి సంగతి కాదు. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పల్లెల పిల్లలు ఇంజనీర్లై ఊళ్ళు దాటి వెళ్ళడం ఇప్పుడు మనం కళ్ళారా చూస్తున్నదే. మన పిల్లలూ వెళుతున్నారు, ఇంకా వెళ్ళాలి. మరి దూరం వెళ్ళినవాడు వదిలి వెళ్ళిన ఊరికి ఏమైనా బాకీ ఉంటాడా? ఉంటే ఎంత?

ఈ ప్రశ్న మనకంటే ముందు పెద్ద పెద్ద నాయకుల బతుకుల్లో వచ్చింది. వారిలో ముందుగా తలుచుకోవలసినవారు జైపాల్ సింగ్ ముండా.

ఆయన 1903లో, నేటి జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతంలో ఒక ముండా పల్లెలో పుట్టారు. రాంచీ మిషన్ బడిలో చదివారు. అక్కడి దొరలు ఆయనను ఇంగ్లాండు తీసుకువెళ్ళి చదివించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు, హాకీలో పేరు, ఆపైన ఐ.సి.ఎస్. ఐ.సి.ఎస్. అంటే ఆ రోజుల్లో కలెక్టరు అయ్యే దారి. మన తోటల్లో తోతాపురి కాయను కూడా కలెక్టరు కాయ అంటారు. ఆ పేరుకు జనంలో అంత గొప్ప! అలాంటి ఐ.సి.ఎస్. శిక్షణలో ఉండగా, సెలవు ఇవ్వకపోయినా ఆయన 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు నాయకుడిగా వెళ్ళారు. ఆ ఏడాది జట్టుకు బంగారు పతకం వచ్చింది. వెళ్ళినందుకు మరో ఏడాది శిక్షణ చేయమన్నారు. ఆయన ఆ కొలువునే వదులుకున్నారు.

తర్వాత కూడా ఆయన నేరుగా ఇంటికి రాలేదు. ఆఫ్రికాలో, నేటి ఘనాలోని అచిమోటా కాలేజీలో పాఠాలు చెప్పారు. రాయపూర్‌లో రాజకుమారులకు చదువు చెప్పారు. దాదాపు ఇరవై ఏళ్ళు పల్లెకు దూరంగా బతికారు. 1939లో రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యారు. అంటే మనిషి ఎన్నేళ్ళు దూరంగా ఉన్నాడన్నది అసలు లెక్క కాదు.

అసలు లెక్క 1946 డిసెంబరులో తేలింది. రాజ్యాంగ సభలో దేశమంతటి నుంచి పెద్ద పెద్ద లాయర్లు, నాయకులు కూర్చుని ఉన్నారు. ఆ సభలో ఆయన లేచి, తన ప్రాంతంలో తనవాళ్ళను జంగ్లీలని పిలుస్తారనీ, ఆ పేరుకు తాను గర్వపడుతున్నాననీ చెప్పారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనవసరం లేదనీ, వారి దగ్గరే నేర్చుకోవాలనీ అన్నారు. తనను ఆక్స్‌ఫర్డ్ మనిషిగానే చూపించుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆయన మాత్రం పల్లె పేరే ముందు పెట్టారు.

రెండో మనిషి ఆదివాసి కాదు, తెలుగువాడు. వి.వి. గిరి 1894లో బరంపురంలో పుట్టారు. అది ఇప్పుడు ఒడిశాలో ఉంది. 1913లో లా చదవడానికి ఐర్లాండులోని డబ్లిన్ వెళ్ళారు. అక్కడ ఐరిష్ వాళ్ళు బ్రిటిషు ప్రభుత్వంపై పోరాడుతున్నారు. వారితో సంబంధం ఉందని 1916లో ఆయనను దేశం విడిచి వెళ్ళమన్నారు. తిరిగి వచ్చి రైల్వే కార్మికులతో కలిసి సంఘాలు కట్టారు. తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, 1954లో ఆ మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు గనుక మనం ఆయన పేరు పరీక్షల కోసం బట్టీ పడతాం. ఆ రాజీనామా సంగతి మాత్రం పిల్లలకు చెప్పం.

ఈ ఇద్దరి బతుకుల నుంచి మనకు రెండు ప్రశ్నలు దొరుకుతాయి. దూరం వెళ్ళినవాడు అక్కడ మన పేరు చెబుతున్నాడా? ఇక్కడ మన మాట వింటున్నాడా? ఊళ్ళో ఇల్లు కట్టాడా, పండక్కి వచ్చాడా అన్నవి వీటి తర్వాతి మాటలు.

రెండో ప్రశ్న దగ్గర జైపాల్ సింగ్‌ను కూడా మనం వదలకూడదు. ఆయన 1950లో పెట్టిన జార్ఖండ్ పార్టీకి 1952 ఎన్నికల్లో బీహార్ శాసనసభలో ముప్పైకి పైగా సీట్లు వచ్చాయి. 1963లో ఆ పార్టీని ఆయన కాంగ్రెస్‌లో కలిపేశారు. పార్టీలో చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. ఆయన 1970లో చనిపోయారు. ప్రత్యేక రాష్ట్రం 2000లో గాని రాలేదు. ఢిల్లీలో అంత గట్టిగా మన పేరు చెప్పిన మనిషి, ఇంటి దగ్గర తనవాళ్ళలో చాలామందికి సమాధానం చెప్పలేని పని చేశాడు. గొప్పవాడు కాదని దీనికి అర్థం కాదు. ఇంటికి తిరిగి రావడం ఒక్కసారితో అయిపోయే పని కాదని అర్థం. నాయకుడు ప్రతి నిర్ణయం దగ్గరా మళ్ళీ గూడేనికి రావాలి, మళ్ళీ అడగాలి.

ఇదంతా ఆ పిల్లవాడికి చెప్పాం. శ్రద్ధగా విన్నాడు. చివరికి ఒకే మాట అన్నాడు.

"ఆయనకు ఆక్స్‌ఫర్డ్ ఉంది మాస్టారూ. నాకేముంది?"

ఆ మాటకు అప్పుడు మా దగ్గర జవాబు లేదు. గూడెం పేరు చెబితే "రిజర్వేషన్ సీటా?" అని అడిగే చూపు వాడికి తెలుసు. అద్దె గది, ఆరు నెలల ఉద్యోగం, నెల నెలా ఇంటికి పంపవలసిన డబ్బు, ఇవీ వాడి బతుకు. మైకు, పదవి, పేరు ఉన్నవాడి దగ్గర అడిగే ధైర్యాన్ని వాడి దగ్గర అడగడం న్యాయమా?

న్యాయం కాదనే మేం ఇప్పుడు అనుకుంటున్నాం. బాకీ అందరికీ సమానం కాదు. ఎవరికి ఎంత భద్రత ఉందో వారి బాకీ అంత. అసెంబ్లీలో మన సీటు మీద కూర్చున్న నాయకుడికి పూర్తి బాకీ ఉంది. అమెరికాలో స్థిరపడి తెలుగు సభల వేదికలెక్కే పెద్దలకూ, వారిలో మనవాళ్ళుంటే, ఆ బాకీ ఉంది. నెల జీతం ఖాయంగా అందుకుంటున్న టీచర్లం మనకు కూడా తక్కువేమీ లేదు. మనలో ఎంతమందిమి పనిచేసే గూడెంలో కాపురం ఉంటున్నాం? మన పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు? టౌనులో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మనం ఏమని చెప్పుకున్నాం? పిల్లవాణ్ణి తప్పు పట్టే ముందు ఈ మూడు ప్రశ్నలు మనల్ని మనం వేసుకోవాలి.

తోటలో అంటు కట్టడం మన పిల్లలు చూసే ఉంటారు. టెంక నుంచి మొలిచిన మొక్క మీద మంచి రకం కొమ్మను కడతారు. కాయకు కొమ్మ పేరే వస్తుంది. బంగినపల్లి అంటారు, రసం అంటారు. కింద నీళ్ళు తాగి పైకి పంపే ఆ టెంక మొక్క పేరు ఎవరూ అడగరు. చెట్టు అలా బతకగలదు. మనిషి అలా బతికితే తన వేరును తానే తక్కువగా చూడడం మొదలుపెడతాడు. గూడెం పేరు దాచిన పిల్లవాడికి నష్టం అక్కడే మొదలవుతుంది. ఊరికి వాడు పడిన బాకీ కంటే ముందు మనం చూడవలసింది ఆ నష్టాన్ని.

కాబట్టి యువతను అడిగేది ఇంతే. వెళ్ళండి, ఎంత దూరమైనా వెళ్ళండి. ఈ రోజు పేరు చెప్పలేకపోతే మిమ్మల్ని ఎవరం తిట్టం. నిలదొక్కుకున్న రోజున చెప్పండి. మీ వెనక వచ్చే పిల్లవాడికి అది ఆసరా అవుతుంది.

టీచర్లం మన వంతు పని ఇవాళే మొదలుపెట్టవచ్చు. అడ్మిషన్ రిజిస్టరులో చిరునామా గడి దగ్గర గూడెం పేరు వదిలేసి మండలం పేరు రాసేది చాలాసార్లు మనమే. పిల్లవాడు తన ఊరి పేరు దాచడం నేర్చుకునే మొదటి చోటు అదే కావచ్చు. ఈ జూన్‌లో బడి తెరిచాక, ఆ గడిలో గూడెం పేరు పూర్తిగా రాద్దాం. అది ఎలా రాయాలో పిల్లవాణ్ణే అడిగి రాద్దాం.