జాలి చాలునా?

పిసినారిని గురించి చెప్పవలసి వస్తే మనవాళ్ళు 'పిల్లికి బిచ్చం పెట్టడు' అంటారు. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి కనుక, అప్పు కాదన్నప్పుడల్లా ఈ మాట నన్ను అన్నవాళ్ళు లేకపోలేదు. అటువంటి నేను ఒకసారి పిల్లికి బిచ్చం పెట్టబోయి చేసిన పొరపాటునూ, దాని వెంట నన్ను పట్టుకున్న సందేహాన్నీ పాఠకుల ముందు పెడుతున్నాను. నేను చదివింది బి.కాం. తర్కమూ వేదాంతమూ గురుముఖతః చదివినవాణ్ణి కాను. తప్పుంటే పెద్దలు దిద్దగలరు.

మా పూర్వులు నాయకరాజుల కాలంలో ఈ తిరుచిరాపల్లి సీమకు వచ్చారని మా తాత చెప్పేవారు. ఇప్పుడు మా కాపురం శ్రీరంగంలో. రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం సాయంత్రం, మర్నాడు రెండో శనివారమూ ఎల్లుండి ఆదివారమూ సెలవు కనుక, తలుపులన్నీ సరిచూసుకుంటూ రికార్డు రూములోకి వెళ్ళాను. పాత వోచర్ల కట్టల నడుమ సన్నగా ఏడుపు వినబడింది. మూడు పిల్లికూనలు. కళ్ళు తెరవలేదు. చెవులు తలకు అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి నూరు గ్రాములుంటుందేమో, అంటే రెండు కోడిగుడ్ల బరువు.

మా అటెండరు అనుభవజ్ఞుడు. "తల్లి మేతకు పోయుంటుంది సార్. వెంటిలేటరు అద్దం పగిలే ఉంది కదా, అందులోంచి వచ్చేస్తుంది. ముట్టుకోకండి" అన్నాడు. నాకు ఆ మాట రాతిగుండె మాటలా తోచింది. రెండు రోజులు గదికి తాళం, తల్లి జాడ లేదు, ఇవి ఏడుస్తున్నాయి. వదిలిపోతే మనిషినేనా అనుకున్నాను. అట్టపెట్టెలో పాత తువ్వాలు వేసి మూడింటినీ ఇంటికి తెచ్చాను. నిజం చెప్పాలంటే, బస్సులో ఆ పెట్టె ఒడిలో పెట్టుకుని కూర్చున్నంతసేపూ నా మీద నాకు కొంత గౌరవం కలిగింది.

మా ఆవిడ పెట్టెలోకి చూసి ఒకే మాట అడిగింది. "వాళ్ళమ్మను అడిగి తెచ్చారా?"

ఆ రాత్రి ఆవుపాలు కాచి చల్లార్చి, ఇంకు ఫిల్లరుతో పట్టాను. మనుషుల పిల్లలకు పట్టినట్టే వెల్లకిలా పడుకోబెట్టి పట్టాను. రెండు ఎలాగో మింగాయి. మూడోది దగ్గింది, దాని ముక్కులోంచి పాలు వచ్చాయి. తుడిచి పడుకోబెట్టాను.

శనివారం ఉదయం పశువుల డాక్టరు గారి దగ్గరికి వెళితే, నేను చేసినవన్నీ ఎందుకు తప్పో ఓపికగా చెప్పారు. ఈ వయసు కూన తన ఒంటి వెచ్చదనాన్ని తాను నిలుపుకోలేదు. ఒళ్ళు చల్లబడి ఉన్నప్పుడు పాలు పడితే అరగవు. ముందు వెచ్చబరచాలి, ఆ తరువాతే పాలు. పట్టేటప్పుడు, తల్లి దగ్గర తాగేటప్పటిలాగే, బోర్లా ఉంచాలి. వెల్లకిలా పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆవుపాలలో పిల్లిపాలకంటే మాంసకృత్తులూ కొవ్వూ తక్కువ, పాలచక్కెర ఎక్కువ. అందుకని విరేచనాలు పట్టుకుంటాయి. వీటి కోసం తయారైన పాలపొడి వేరే ఉంది. రెండు మూడు గంటలకొకసారి, పగలూ రాత్రీ పట్టాలి. ఇంకొకటి నేను కలలో కూడా ఎరగనిది: ఇవి తమంత తాము మూత్రవిసర్జన కూడా చేయలేవు. తల్లి నాకితేనే జరుగుతుంది. తల్లి లేనప్పుడు గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో ప్రతిసారీ మెల్లగా తుడవాలి.

ఇదంతా విని, పాలపొడి కొనుక్కుని ఇంటికి వచ్చి, అలారం పెట్టుకుని చేశాం. మా ఆవిడ వేణ్ణీళ్ళ సీసాలకు గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టేది. నేను పాలు పట్టేవాణ్ణి. రెండు కూనలు తేరుకున్నాయి. పాలు ముక్కులోకి పోయిన మూడోది ఆదివారం తెల్లవారుజామున నా అరచేతిలోనే పోయింది. నందివర్ధనం చెట్టు కింద పూడ్చాం.

సోమవారం బ్యాంకు తెరవగానే రాత్రి వాచ్‌మన్ నా కోసం కాచుకుని ఉన్నాడు. "రికార్డు రూములో ఒక పిల్లి మూడు రాత్రులుగా ఒకటే అరుపు సార్. కట్టలన్నీ గీకింది" అన్నాడు.

ఆ పూటే ఇంటికి పోయి మిగిలిన రెండింటినీ తెచ్చి, అదే చోట పెట్టెతో సహా ఉంచి, గది తాళం వేశాను. ఒకవేళ తల్లి రాకపోతే పట్టడానికి పాలు సిద్ధంగా ఉంచుకుని, రాత్రి పది దాకా బ్యాంకు వరండాలోనే కూర్చున్నాం. పది దాటాక, మేమిద్దరం కిటికీలోంచి చూస్తుండగానే, అది వెంటిలేటరులోంచి దిగింది. వాసన చూసింది, నాకింది, ఒకదాన్ని మెడ పట్టుకుని ఎక్కిపోయింది. కొంతసేపటికి వచ్చి రెండోదాన్నీ తీసుకుపోయింది. నేను ఇంటికి వెళ్ళిపోయాను. మర్నాడు వాచ్‌మన్ చెప్పాడు: "మీరు వెళ్ళాక మూడోసారి కూడా వచ్చింది సార్. పెట్టెలో చూసి, చాలాసేపు అక్కడే ఉండి, ఊరికే పోయింది."

దానికి లెక్క తెలిసి వచ్చిందో, అలవాటుగా వచ్చిందో నేను చెప్పలేను. నా లెక్క మాత్రం ఆనాటి నుంచి కుదరడం లేదు. నేను చేసింది దయా, అపచారమా?

దయాగుణం మీద అనుమానం వచ్చినప్పుడు మనవాళ్ళు భరతుడి కథ చెబుతారు. తెలుగు భాగవతంలో గంగన తెనిగించిన పంచమస్కంధంలో ఉంది. సింహగర్జనకు బెదిరి నది దాటబోయిన నిండుచూలాలు లేడికి గర్భం జారి, కూన నీళ్ళలో పడింది. తల్లి చనిపోయింది. రాజ్యం వదిలి తపస్సు చేసుకుంటున్న భరతుడు ఆ కూనను తెచ్చి పెంచాడు. దాని ధ్యాసలోనే ప్రాణం వదిలి, మరుజన్మలో లేడిగా పుట్టాడు. చెప్పేవారందరూ దీన్ని మమకారం వద్దనడానికి చెబుతారు. నాకిప్పుడు అందులో మరొకటి కనబడుతున్నది. భరతుడు కూనను ఎత్తుకున్నది తల్లి పోయాక. అది ఏట్లో కొట్టుకుపోతుంటే కళ్ళు మూసుకుని జపం చేసుకుని ఉంటే ఆయనకు మోక్షం వచ్చేదని ఏ పురాణికుడూ నాతో అనలేదు. మమకారం తప్పు కావచ్చు, ఎత్తుకోవడం తప్పు కాదు. నా సంగతి దీనికి తలకిందులు. నేను తల్లి ఉందో లేదో చూడకుండానే ఎత్తుకున్నాను.

శ్రీరంగంలో కాపురముండేవాడికి పిల్లికూన అనగానే వైష్ణవుల వాదం గుర్తు రాక మానదు. కోతిపిల్ల తల్లి కడుపును తానే కరుచుకుంటుంది కనుక జీవుడి ప్రయత్నమూ కొంత ఉండాలని వడగలై వారు మర్కట కిశోర న్యాయం చెబుతారు. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుపోతుంది, శరణాగతికి అదే పోలిక అని తెంగలై వారు మార్జాల కిశోర న్యాయం చెబుతారు. చిన్నప్పటి నుంచి వింటున్న ఈ చర్చలో నేను ఎప్పుడూ కూన వైపు నుంచే ఆలోచించాను. ఆ రాత్రి కిటికీలోంచి చూశాక తల్లి నోరు ఆలోచనలోకి వచ్చింది. ఎలుకను చంపే పళ్ళే కూన మెడను పట్టుకుంటాయి, ఒక్క గాటు పడదు. ఎంత బిగువుగా పట్టాలో దానికి తెలుసు. పట్టు వదులైతే కూన జారిపోతుంది, బిగిస్తే చస్తుంది. ఆ కొలత తెలియడం కూడా దయలో భాగమే. నా దగ్గర ఉన్నది జాలి. కొలత లేదు.

'మంచి ఉద్దేశంతోనే చేశావు కదా' అని స్నేహితులు ఓదార్చారు. ఉద్దేశం నాది, ఊపిరితిత్తులు దానివి. ఇటువంటి ఓదార్పు నేను ఇదివరకు కూడా ఒకసారి తీసుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక గ్రామంలో ఒంటరి ముసలమ్మకు, ఆమె అడగకపోయినా, బాగుపడుతుందన్న తలంపుతో గేదె అప్పు ఇప్పించాను. గడ్డి కోసే ఓపిక ఆమెకు ఉందా అని అడగలేదు. గేదె పోయింది, అప్పు మిగిలింది. అప్పుడూ నేను జాలిపడే చేశాను. కూన చచ్చిపోయిన రోజు నాకు ఆ ముసలమ్మ గుర్తుకు వచ్చింది.

అయితే జాలిని నమ్మకూడదా? మా తోటి అధికారి ఒకరు, "ఊళ్ళో అనాథ పిల్లలు ఉండగా పిల్లికూనల కోసం నిద్ర మానుకోవడమేమిటి?" అన్నారు. మనసులోని జాలి చేతి పెట్టెలోని రొక్కం కాదు, ఒకచోట ఖర్చు చేస్తే మరోచోట తరిగిపోవడానికి. కాని చేతులూ, గంటలూ రొక్కంలాంటివే. వాటికి పరిమితి ఉంది. దారిలో కనిపించిన ప్రతి కూననూ ఎత్తుకోలేని మనిషిని నేను పాపి అనలేను. ఎత్తుకున్నవాడి సంగతి వేరు. జామీను సంతకం పెట్టడానికి అరనిమిషం పడుతుంది, దాని బాధ్యత అప్పు తీరేదాకా ఉంటుంది. సంతకం పెట్టకపోవడం నేరం కాదు, పెట్టి తప్పుకోవడం నేరం. ఎత్తుకోవడం కూడా అటువంటిదే. చేయి అరనిమిషంలో చాస్తాం. రెండు గంటలకొకసారి లేవడం వారాల తరబడి ఉంటుంది.

ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును సరైన కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. గోనెసంచిలో కూనలను మూటగట్టి సంతలో పారేసేవాడికి అది వర్తిస్తుంది. తెలియక ఎత్తుకుపోయినవాడికి ఏ చట్టమూ లేదు. వాడి విచారణ వాడే చేసుకోవాలి. నా విచారణలో నాకు దొరికిన తీర్పు ఇంతే: జాలి తలుపు తట్టి లేపుతుంది, అంతవరకే దాని పని. లేచాక ఏం చేయాలో తెలిసినవారిని అడగాలి. ఆ రోజు తెలిసినవాడు నా పక్కనే ఉన్నాడు. అటెండరు కనుక అతని మాట నాకు తెలివిగా తోచలేదు. నిజానికి ముందు తప్పు అక్కడే జరిగిందేమో.

ఇప్పుడు కూనలు కనబడితే దూరంగా నిలబడి, గంటలు గడిచినా సరే, తల్లి కోసం చూస్తాను. తల్లి రాక, ఒళ్ళు చల్లబడుతుంటే ఎత్తుకుంటాను. ఎత్తుకుంటే అవి తమంత తాము తినేదాకా దింపను.

కిందటి ఏడు ఇన్‌స్పెక్షన్‌లో 'రికార్డు రూము వెంటిలేటరుకు అద్దం వేయించవలెను' అని రాశారు. వేయించాను. కాకపోతే ముందు కట్టలన్నీ ఒక్కొక్కటిగా తీయించి, మూలమూలా వెతికించి, రెండు రాత్రులు వాచ్‌మన్‌ను వినమని చెప్పి, ఏ అరుపూ లేదన్నాకే వేయించాను.